బిల్లులో ఏముందో చూడకుండా సముద్రాన్ని కొనకండి

అనంతపురం చుట్టుపక్కల ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకోవాలని ఉబలాటపడుతున్నవారు ఎవరైనా ఉంటే, అడ్వాన్సు పంపే ముందు ఒక్కసారి ఆగి ఇది చదవండి. మొన్న ఏప్రిల్‌లో నేను ఆగలేదు. 72,000 రూపాయలు వదిలాయి.

దుకాణం బెంగళూరులో ఉంది. పేరు రాయను. వాళ్ల మాటతీరు చెబుతాను, దానితో పోల్చుకోండి. "పొద్దున ట్యాంకు, సాయంత్రానికి చేపలు. మీరు కాఫీ తాగుతూ చూడటమే సార్" అంటారు. ఈ మాట ఎవరు అన్నా ఫోను పెట్టేయండి.

నాతో అన్నట్టే చేశారు. వ్యానులో వచ్చి మూడడుగుల ట్యాంకు బిగించారు, సుమారు 190 లీటర్లది. మా బోరు నీళ్లే పట్టి, ఉప్పు కలిపి, "బ్యాక్టీరియా" అంటూ ఒక సీసా వంచి, చీకటి పడేలోపు రెండు క్లౌన్‌ఫిష్‌లను, ఒక నీలి చేప బ్లూ టాంగ్‌ను, పువ్వులా కనిపించే పసుపుపచ్చని సముద్రజీవి ఎనిమోన్‌ను వదిలారు. ఆ రాత్రి మా వీధి వీధంతా వచ్చి చూసింది. వానే అంతంతమాత్రంగా కురిసే ఊళ్లో సముద్రం అంటే ఎవరు రారు?

మూడో రోజు బ్లూ టాంగ్ పోయింది. ఆరో రోజు ఒక క్లౌన్‌ఫిష్. ఫోను చేస్తే "కొత్త నీళ్లు కదా సార్, అలవాటు పడాలి" అన్నారు. అలవాటు పడవలసింది చేప కాదు, ట్యాంకు. చేపల మలినాల నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. దాన్ని ముందు నైట్రైట్‌గా, తరువాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్లలోనూ ఇసుకలోనూ కుదురుకోవడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. సీసాలో అమ్మే బ్యాక్టీరియా కొంత తోడ్పడవచ్చు, కానీ టెస్టు కిట్టుతో చూసుకోకపోతే అది పనిచేసిందో లేదో తెలియదు. కిట్టు కావాలని నేను అడిగాను కూడా. "అవన్నీ పెద్ద ట్యాంకులకు సార్" అన్నారు. ఇంకో మాట, బ్లూ టాంగ్ పెరిగితే అడుగు పొడవు అవుతుంది. బొటనవేలంత ఉన్నప్పుడు మూడడుగుల ట్యాంకుకు అంటగట్టడం వాళ్లకు తెలిసే చేసిన పని.

పదో రోజు మా బావమరిది వచ్చాడు. నెల్లూరు వైపు రొయ్యల చెరువులు చేస్తాడు, నీళ్ల సంగతి తెలిసినవాడు. సంచిలోంచి నీళ్లలో ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరు తీసి ఒక చుక్క వేసి చూసి, "ఇదేమిటి బావా, 41 చూపిస్తోంది" అన్నాడు. పగడాల ట్యాంకులో ఉప్పు వెయ్యికి 35 వంతుల దగ్గర ఉండాలి. దుకాణం వాళ్లు ఇచ్చిన ప్లాస్టిక్ హైడ్రోమీటరు, అదీ ఉప్పు కొలిచేదే, మాత్రం అంతా సవ్యంగానే ఉందని చూపిస్తోంది! తప్పు ఎక్కడ జరిగిందంటే, నీళ్లు తగ్గినప్పుడల్లా ఉప్పు కలిపిన నీళ్లే పోయమన్నారు. ఆవిరయ్యేది నీరు, ఉప్పు కాదు. పప్పుచారు మరిగిపోతే ఉప్పు కషాయం అవుతుందని మా ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు. నాకు మాత్రం తట్టలేదు. తగ్గినంతా మంచినీళ్లే పోయాలి, అదీ నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు సున్నా దగ్గర చూపించే ఆర్వో నీళ్లు. మన బోరు నీళ్ల సంగతి మీకు వేరే చెప్పాలా?

ఎనిమోన్ పసుపు రంగు అప్పటికే వెలిసిపోతోంది. అది రంగు వేసినదట. ఒంట్లో ఉండి తిండి పెట్టే నాచు పోయి తెల్లబడినవాటికి ఇలా రంగు ఎక్కించి అమ్ముతారు. మరో నాలుగు రోజులకు అదీ పోయింది.

ఎండ సంగతి కూడా చెప్పాలి. ఈ జీవులకు నీళ్లు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. మా ట్యాంకులో మధ్యాహ్నం 32 చూశాను. "ఫ్యాను చాలు" అన్నారు. ఏప్రిల్ ఎండలో మన ఊళ్లో ఫ్యాను ఏమి చాలుతుంది? నీళ్లను చల్లబరిచే చిల్లర్ ఖర్చు కలుపుకోకుండా ఎవరైనా లెక్క చెబితే అది సగం లెక్క.

ఇవన్నీ ఒక ఎత్తు, పగడాలు ఒక ఎత్తు. రెండో విడతలో మూడు సజీవ పగడాలు పంపుతామని 18,000 ముందే తీసుకున్నారు. బావమరిది బిల్లు అడిగాడు. తీసి చూస్తే పగడం అన్న మాటే లేదు. "అలంకరణ రాళ్లు – 3" అని ఉంది. నేను దాన్ని చదవకుండానే మడిచి బీరువాలో పెట్టాను. దిబ్బలు కట్టే రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. అంటే పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. కేసు రుజువైతే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. పగడం పంపితే ఇరుక్కునేది నేను. పంపకపోతే, ఏ ముఖంతో వినియోగదారుల కమిషన్‌కు వెళ్లి "నాకు పగడాలు ఇవ్వలేదు" అని ఫిర్యాదు చేయను? ఆ బిల్లు రాసినవాడికి ఈ రెండూ తెలుసు.

వెంటనే ఫోను చేసి పగడాలు వద్దు, డబ్బు తిరిగి ఇవ్వమన్నాను. బిల్లులో ఉన్నది పంపిస్తాం సార్ అన్నారు. వారానికి పార్సిల్ వచ్చింది. కన్నడ పేపరులో చుట్టిన మూడు గులకరాళ్లు.

మిగిలిన ఒక్క క్లౌన్‌ఫిష్‌ను రోజూ కొంచెం కొంచెంగా నీళ్లు మార్చి బతికించుకున్నాను. రాళ్లలో ఒకటి మోటారు గది తలుపుకు అడ్డంగా ఉంది, ఒకటి తులసికోట పక్కన. మూడోది బావమరిది నెల్లూరు పట్టుకుపోయాడు. చెరువు గట్టు మీద వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నాడట, "మా బావ కొన్న ఆరు వేల రాయి" అని.