సీసా 450, ఎయిర్ ఫిల్టరు 180: మా పాత మారుతీ లెక్కల పుస్తకం

మా ఇంట్లో రెండు ముసలి బండ్లున్నాయి. ఒకటి నాన్నగారు 2003లో కొన్న మారుతీ 800, రెండోది మా తమ్ముడి 2006 స్ప్లెండర్. వాడు కువైట్‌లో ఉంటాడు, బండి మా చావిట్లో టార్పాలిన్ కింద ఉంటుంది. కారు మాత్రం రోజూ నాతో బడికొస్తుంది. ముమ్మిడివరం నుంచి ఐ.పోలవరం మండలంలోని మా హైస్కూలుకి కాలవగట్టు రోడ్డు, మధ్యలో లెక్కలేనన్ని స్పీడ్ బ్రేకర్లు.

పోయిన ఏడాది నుంచి ఆ స్పీడ్ బ్రేకర్ల దగ్గరే గొడవ మొదలైంది. బ్రేకు తొక్కి క్లచ్ నొక్కగానే ఇంజిన్ వణికి ఆగిపోయేది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే రెండు నిమిషాలు గుడగుడలాడేది. లీటరుకి 16 ఇచ్చేది 13కి పడిపోయింది. అమలాపురంలో స్పేర్ పార్టుల కొట్టుకెళ్తే కుర్రాడు పెట్రోల్లో కలిపే ఇంజిన్ క్లీనర్ సీసాలు రెండు బల్ల మీద పెట్టాడు. ఒకటి 450 రూపాయలు, రెండోది 180. "ఇది పోసెయ్యండి మేడం, కొత్త బండే" అన్నాడు. రెండూ కొన్నాను. నేను చెప్పేది ఫిజికల్ సైన్సు, కాబట్టి పోసేసి ఊరుకోలేను, కొలవాలి.

కొలిచిన పద్ధతి ఇది. పెట్రోలు ఎదుర్లంక వంతెన దాటి యానాంలోనే కొట్టిస్తాను. పుదుచ్చేరి పన్ను తక్కువ కాబట్టి అక్కడ లీటరు మనకన్నా బాగా చవక, మా వైపు అందరికీ తెలిసిన సంగతే. ప్రతిసారీ అదే బంకు, అదే పంపు, పొద్దున్న ఎండెక్కకముందు, పెట్రోలు పోసే తుపాకీ మొదటిసారి టక్కుమనగానే ఆపించడం. "ఇంకో రెండొందలకి పడుతుందండీ" అని పంపు దగ్గరి అబ్బాయి ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. ముందు మందేమీ పొయ్యకుండా మూడు టాంకులు తిప్పాను: 13.4, 13.1, 13.6. అంటే ఏమీ చెయ్యకుండానే టాంకుకీ టాంకుకీ అర కిలోమీటరు అటూఇటూ అవుతోంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందుముందు పనికొస్తుంది.

450 సీసా మీద పాలీఈథర్ అమీన్ అని రాసి ఉంది. ఇది చూసే కొన్నాను. కార్బన్ మసిని కరిగించే సబ్బు లాంటి మందుల్లో పేరున్నది అదే. 180 సీసా మీద పెట్రోలియం డిస్టిలేట్ అని మాత్రమే ఉంది. అది మన కిరసనాయిలు తరహా సాల్వెంట్లన్నిటికీ సరిపోయే పేరు. పక్కన ఎర్రక్షరాలతో "30 శాతం అదనపు మైలేజ్".

మొదటిది 300 మిల్లీలీటర్లు, 50 లీటర్ల వరకూ సరిపోతుందని రాశారు. మారుతీ 800 టాంకే 28 లీటర్లు. కొట్టు కుర్రాడు మొత్తం పొయ్యమన్నాడుగానీ లీటరుకి 6 మిల్లీలీటర్ల లెక్కన, నేను పట్టించే 25 లీటర్లకి 150 చాలు. మా పాప దగ్గు మందు మూతతో కొలిచి (ఆ మూత తర్వాత పారేశాను, భయపడకండి) సగం సీసా పోశాను.

మొదటి వారం ఏమీ తెలియలేదు. టాంకు సగానికొచ్చాక ఒక పొద్దున్న గుడగుడ తగ్గినట్టనిపించింది. నా భ్రమేమోనని మా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఏమీ చెప్పకుండా స్టార్ట్ చేశాను. "ఏంటి, బాగు చేయించావా?" అన్నాడు. స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఆగిపోవడం కూడా రోజుకి నాలుగైదుసార్ల నుంచి ఒకటికో రెండుకో దిగింది. మైలేజ్ ఆ టాంకులో 13.5, తర్వాతి రెండింటిలో 13.9, 14.0.

ఇక్కడే జాగ్రత్తగా మాట్లాడాలి. ఇంజిన్ నిలకడ మెరుగుపడింది, అందులో నాకు అనుమానం లేదు. కారణం కూడా ఉంది. 2003 నాటి మా బండి ఇంజెక్షన్‌దే, కార్బొరేటర్ కాదు. ఇందులో పెట్రోలు ఇన్‌టేక్ వాల్వు (సిలిండర్లోకి గాలీ పెట్రోలూ వదిలే తలుపు) వీపు మీద చిమ్ముతుంది. కాబట్టి పెట్రోల్లో కలిపిన మందు మసి పేరుకున్న చోటికి నేరుగా వెళ్తుంది. (ఇప్పటి కొన్ని కొత్త టర్బో కార్లలో పెట్రోలు నేరుగా సిలిండర్లోకే పోతుంది, వాల్వు వీపుకి తగలదు. ఆ బండ్లవాళ్లు వాల్వులు శుభ్రమవుతాయని ఈ సీసా కొనుక్కోకండి.) మైలేజ్ సంగతి వేరు. పెరిగింది అర కిలోమీటరు, ముందు నుంచీ ఉన్న ఊగిసలాటా అర కిలోమీటరే. నా దగ్గర చదివే పిల్లాడెవడైనా ఈ అంకెలు చూపించి "పెరిగింది టీచర్" అంటే రికార్డు వెనక్కిచ్చేస్తాను. నిజమే అనుకున్నా నాకు నెలకి 500 కిలోమీటర్లు, ఆదా లీటరుంబావు.

తర్వాత నాన్నగారి కాలం నుంచీ బండి చూసే మెకానిక్ బాబాయి దగ్గరికెళ్లాను. ఆయన బానెట్ ఎత్తి, ఎయిర్ ఫిల్టరు తీసి నా కళ్ల ముందు దులిపారు. ఇసుక, ఎండిన ఊక, ఒక పురుగు రెక్క. కోతల రోజుల్లో మా రోడ్ల మీదే ధాన్యం ఆరబోస్తారు కదా. "టీచరుగారండీ, ముక్కు మూసేసి నోట్లో మందు పోత్తే ఏం లాభవండీ?" అన్నారు. ఫిల్టరు 180, మూడు ప్లగ్గులు కలిపి 330, చేతికూలి 150. పాత ప్లగ్గుల్లో ఒకదాని కొన అరిగి గుండ్రంగా అయిపోయింది. ఆ మర్నాటి నుంచి బండి ఎక్కడా ఆగలేదు. తర్వాతి రెండు టాంకులు 15.3, 15.6. ఇది ఊగిసలాట కాదు.

మరి మళ్లీ 16కి ఎందుకు రాలేదంటే, బండి వయసు ఒకటి, పెట్రోలు రెండోది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపినది. చెరకుతో, మొక్కజొన్నతో, బియ్యంతో తీస్తారు, అంటే మా జిల్లా అన్నం తినే వాళ్లతో బండ్లూ పోటీకొచ్చాయన్నమాట. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్లో ఉన్నదానికన్నా మూడోవంతు తక్కువ, కాబట్టి 20 శాతం కలిపితే ఆరేడు శాతం లోటు ఎలాగూ ఉంటుంది. ఏ సీసా దాన్ని పూడ్చలేదు. "ఈ20 రక్షణ" అని వేరే మందులూ అమ్ముతున్నారు. ఇనుముకి తుప్పు పట్టకుండా కొంత ఆపుతాయేమోగానీ, ఇరవై ఏళ్ల రబ్బరు గొట్టాన్ని మళ్లీ మెత్తగా చెయ్యలేవు. మా కారు పెట్రోల్ గొట్టం వంచితే పగుళ్లు కనిపించాయి. మార్పించేశాను. పాత బండ్లున్నవాళ్లు ముందు చూసుకోవలసింది ఇదే, ఎందుకంటే అక్కడ పోయేది మైలేజ్ కాదు, నిప్పంటుకునే ప్రమాదం.

ఇక స్ప్లెండర్. తమ్ముడు పోయినసారి వచ్చి వెళ్లాక ఎనిమిది నెలలు కదల్లేదు. కిక్కు కొట్టీ కొట్టీ నా మోకాలు వాచింది. 180 సీసా టాంకులో పోశాను, రెండు రోజులాగి మళ్లీ కొట్టాను. ఒకసారి తుమ్మింది, అంతే. బాబాయి కార్బొరేటర్ విప్పి కింది గిన్నె చూపించారు. అడుగున నీటి బొట్లు, వాటి చుట్టూ తెల్లటి పొడి, జిగురు. మా గాలిలో ఉప్పూ తేమా తెలిసిందే, సంక్రాంతికి దాచిన అప్పడాలు కూడా మెత్తబడిపోతాయి. ఇథనాల్ తేమని లాక్కుంటుంది. నీరు ఒక హద్దు దాటితే ఇథనాలూ నీరూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి. స్లో జెట్టు (ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోలు అందించే చిన్న గొట్టం) రంధ్రం చాలా సన్నం, అది జిగురుతో మూసుకుపోయింది. పెట్రోలే అటు పోనప్పుడు పెట్రోల్లో కలిపిన మందు ఎలా పోతుంది? ఆయన కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే నేరుగా జెట్టులోకి కొట్టి, గాలి పట్టి, టాంకులో పాతది తీసేసి కొత్త పెట్రోలు పోశారు. మూడో కిక్కుకి స్టార్టయింది. 250 తీసుకున్నారు. ఆ స్ప్రే కూడా క్లీనరే, అది మాత్రం నూటికి నూరుపాళ్లు పనిచేసింది, మందు మురికి మీద పడింది కాబట్టి. ఇప్పుడు తమ్ముడు వెళ్లేటప్పుడు పెట్రోల్ కాక్ కట్టేసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా తిప్పమని చెప్పాను, గిన్నె ఖాళీ అయిపోతుంది.

180 సీసా వాగ్దానం చేసిన 30 శాతం గురించి ఒక్కమాట. మండకుండా వృథాగా పోయే పెట్రోలు దాదాపు పావువంతు ఉంటేనే అంత లాభం చూపించగలరు. బాగున్న ఇంజిన్‌లో మండకుండా పోయేది చాలా స్వల్పం. మిగతా నష్టంలో చాలాభాగం రేడియేటర్లోంచీ సైలెన్సర్లోంచీ వేడిగా పోతుంది, దాన్ని ఏ మందూ పట్టి ఆపలేదు. అమెరికాలో ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఇలా పెట్రోలు ఆదా చేస్తామనే సరుకు వందకి పైగా పరిశీలించి, మైలేజ్ చెప్పుకోదగ్గంత పెంచేది ఒక్కటీ దొరకలేదంది. 180 సీసాకి నా మార్కులు పదికి సున్నా. 450 దానికి ఐదు, అదీ ఇంజెక్షన్ బండికే.

ఇంజిన్ ఆయిల్లో పోసే ఫ్లష్ (లోపలి మడ్డి కడిగే మందు) నేను వాడలేదు, వాడను కూడా. మా స్కూల్లో లెక్కల టీచరుగారి పాత కారుకి సర్వీసులో అడక్కుండానే ఫ్లష్ పోసి బిల్లులో 350 వేశారు. పదిహేను రోజుల తర్వాత ఆగి ఉన్నప్పుడల్లా ఆయిల్ లైటు మిణుకుమిణుకు మనడం మొదలైంది. ఏళ్ల తరబడి గోడలకి అంటుకున్న తారు లాంటి మడ్డి పెచ్చులుగా ఊడి, అడుగున ఆయిలు పీల్చే జల్లెడకి అడ్డం పడిందట. కింది పాన్ విప్పి కడిగేసరికి ఆవిడకి 2,800 అయింది. బాబాయి మాట వేరు: ఆయిలూ ఫిల్టరూ మార్చి, 2,000 కిలోమీటర్లకే మళ్లీ మార్చెయ్యమంటారు. మడ్డి నెమ్మదిగా అదే కరుగుతుందట.

మిగిలిన సగం సీసా అలమార్లో పెడదామనుకుంటే బాబాయే అడిగారు. అన్నేసి మాటలన్న మనిషి! ఇచ్చేశాను. నెల తర్వాత గొట్టం మార్పించడానికి వెళ్లినప్పుడు ఏం చేశారని అడిగాను.

"మా వోడి పెట్రోల్ ఆటోలో పోసేశానండీ, ఆయ్."

"మైలేజ్ పెరిగిందా?"

"ఎవరు రాసుకుంటారండీ," అన్నారు పానా తుడుచుకుంటూ.