ఎనిమిది నిమిషాల ఓపిక: పింక్ ఫ్లాయిడ్ 'విష్ యు వర్ హియర్'

బ్రిటిష్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ 1975లో తెచ్చిన ఈ ఆల్బమ్‌లో ఉన్నవి ఐదే ట్రాకులు. హాస్టల్లో క్యాసెట్ చేతులు మారే రోజుల్లో మాకు తెలిసింది మాత్రం టైటిల్ పాటొక్కటే. గిటార్ పట్టుకున్న ప్రతివాడూ దాని మొదలు వాయించేవాడు. ముందొచ్చే 'షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్'ని ఫార్వర్డ్ కొట్టేసేవాళ్లం. గొంతు వినబడేసరికే ఎనిమిది నిమిషాలు దాటిపోతుంది మరి!

నలభై దాటాక నేనీ ఆల్బమ్ పెట్టేదే ఆ ఎనిమిది నిమిషాల కోసం. తడివేలితో గాజుగ్లాసుల అంచు రుద్దితే వచ్చే నాదం అడుగున పరుచుకుని ఉంటుంది. దాని మీద రిచర్డ్ రైట్ కీబోర్డులు. చాలాసేపటికి గానీ డేవిడ్ గిల్మర్ గిటార్ ఈ పాటకి గుర్తుగా నిలిచిన ఆ నాలుగు స్వరాలూ పలకదు. పలికి, ఆగుతుంది. రాగాలాపన అలవాటైన చెవికి ఈ నిదానం కొత్తేమీ కాదు. రాక్ బ్యాండ్‌కి ఇంత తీరిక ఉండటమే వింత.

పాట సిడ్ బారెట్ గురించి. బ్యాండ్‌ని మొదట నడిపించినవాడు, మనసు చెదిరి 1968లో దూరమయ్యాడు. 1975 జూన్ 5న, రికార్డింగ్ జరుగుతుండగా లండన్ యాబీ రోడ్ స్టూడియోకి వచ్చాడు. ఒళ్లు చేసి, గుండుతో, కనుబొమలు కూడా గీయించుకుని. పాత స్నేహితులే వెంటనే గుర్తుపట్టలేకపోయారు. ఇరవై ఏళ్లప్పుడు నాకిది రాక్ కబుర్లలో ఒకటి, అంతే. ఇప్పుడు నాకూ అలాంటి స్నేహితుడొకడున్నాడు. ఫోన్ చేస్తే ఎత్తుతాడు, మాట్లాడేది మాత్రం వాడు కాదు.

'వెల్కమ్ టు ది మెషీన్' సింథసైజర్ రొద ఇప్పటికీ నాకు పూర్తిగా ఎక్కలేదు. రికార్డు కంపెనీల మీద వెటకారమైన 'హావ్ ఎ సిగార్' పాడింది బ్యాండ్ వాళ్లు కాదు, బయటి గాయకుడు రాయ్ హార్పర్. ఆ పొగరు గొంతు పాటకి సరిగ్గా కుదిరింది. చివర్లో మళ్లీ వచ్చే 'షైన్ ఆన్' నడుమ కాస్త సాగదీసినట్టుంటుంది గానీ, ముగింపులో రైట్ సన్నగా వాయించే బారెట్ పాత పాట 'సీ ఎమిలీ ప్లే' ముక్క కోసం కూర్చోవచ్చు.

హెడ్‌ఫోన్స్‌తోనే వినండి. టైటిల్ పాటలో ఒక గిటార్ పాత రేడియోలోంచి, రెండోది పక్కనే కూర్చుని వాయిస్తున్నట్టు వస్తాయి. స్పీకర్‌లో ఆ తేడా సగం పోతుంది. షఫుల్ తీసేయండి, ఒక పాట ఇంకోదాంట్లోకి కలిసిపోతుంది. ఉచిత యాప్‌లో ఆ అతుకు దగ్గరే ప్రకటన పడిందో, ఇక అంతే సంగతులు.