అరగని వైపే వినాలి: మూడేళ్ళ తర్వాత ఈ ఒక్క రూల్ గురించి

మూడేళ్ళుగా మేం తొమ్మిది మందిమి నెలకో థీమ్ పెట్టుకుని, ఇంట్లో ఉన్న గ్రామఫోన్ రికార్డుల్లోంచి (మేం ప్లేట్లు అంటాం) ఒకటి తీసి విని, మిగతావాళ్ళకి చెప్పుకుంటున్నాం. ఒకటో తారీఖున ఎవరో ఒకరు థీమ్ చెప్తారు, నెలాఖరు ఆదివారం లోపల ఎవరి ప్లేటు వాళ్ళు బయటపెట్టాలి. ఇలాంటివి ఎక్కడైనా ఉన్నాయి, దాని గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. మా దాంట్లో మాత్రం ఒక రూల్ ఉంది, రాసేది దాని గురించే. ప్లేటుకి ఏ వైపు ఎక్కువ అరిగిందో చూసి, దాన్ని వదిలేసి రెండో వైపు వినాలి. ముల్లు పెట్టాక మధ్యలో ఎత్తకూడదు.

రుజువు కూడా కావాలి. ఫోన్ టార్చి ఏటవాలుగా పట్టి రెండు వైపులా ఫోటో తీస్తాం. బరువైన పికప్ (ముల్లు ఉండే తల) కింద పదే పదే తిరిగిన వైపు గాళ్ళు గీసుకుపోయి బూడిద రంగులో కనిపిస్తాయి, పెద్దగా మోగని వైపు నల్లగా నిగనిగలాడుతుంది. నాలుగైదు ప్లేట్లు చూస్తే ఎవరికైనా కన్ను కుదురుతుంది.

ఈ రూల్ పెట్టింది డాలస్‌లో ఉండే మా బాబాయి కొడుకు. పెట్టినప్పుడు గట్టిగా గొడవపడింది నేనే. బాగున్న పాట వినడానికి కదరా ప్లేటు కొనేది, జనం వినకుండా వదిలేసిన వైపు వినడమేంటి, ఇదేం సరదా అన్నాను. ఆ మాట ఇప్పుడు వాడు నెలకోసారి నాకు గుర్తుచేస్తుంటాడు.

నా దగ్గరున్న ప్లేట్లు చాలావరకు నేను కొన్నవి కావు. మా పెదనాన్న తెనాలి దగ్గర ఊళ్ళో మైక్ సెట్ అద్దెకిచ్చేవాడు. పెళ్ళి, సమర్త, గుడి ఉత్సవం, ఎలక్షన్లు, ఏదైనా సరే యాంప్లిఫయరూ ప్లేయరూ బండికెత్తి, రెండు బాకాలు కొబ్బరిచెట్టుకో కరెంటు స్తంభానికో కట్టేవాడు. క్యాసెట్లు వచ్చాక ప్లేట్లన్నీ రెండు ట్రంకు పెట్టెల్లో పెట్టి అటక మీదికి ఎక్కించేశాడు. ఆయన పోయాక అవి హైదరాబాదులో మా ఇంటికి వచ్చాయి. నూట అరవై పైచిలుకు ఉన్నాయి, ఎక్కువగా వైపుకి రెండేసి పాటలుండే చిన్న ఈపీలు, కొన్ని పెద్ద ఎల్పీలు, ఓ ఇరవై దాకా నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలం 78 స్పీడు ప్లేట్లు. హెచ్.ఎం.వి., కొలంబియా, ఓడియన్ అని లేబుళ్ళు మూడు రకాలు గానీ అన్నీ కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఫ్యాక్టరీ సరుకే.

అసలు సంగతి ఆ లేబుళ్ళ మీద ఉంది. పెదనాన్న ప్రతి ప్లేటుకీ వైపు వైపుకీ ఎర్ర బాల్‌పెన్నుతో ఒక్క ముక్క రాసి పెట్టుకున్నాడు. "పెళ్ళి", "గుడి", "సమర్త", "ఓట్లు". చీకట్లో, హడావుడిలో, పక్కన పెళ్ళివారు తొందర పెడుతుంటే వెతుక్కోకుండా చేతికి దొరకాలి కదా. కొన్నిటి మీద ఒక వైపు "వద్దు" అని ఉంది.

మొదటి ఏడాది జూలైలో థీమ్ "వాన". ఒక ఈపీ మీద వాన పాట ఉందని తీశాను. టార్చి పెడితే ఆ వాన పాట వైపే బూడిదలా ఉంది, లేబుల్ మీద "పెళ్ళి" అని రాసుంది. తిప్పితే "వద్దు". వాన పాట కోసం తీసిన ప్లేటులో వాన పాట వినకూడదన్నమాట, రూల్ మీద మళ్ళీ చిరాకేసింది. సరే అని ముల్లు పెట్టాను.

రెండూ ఏడుపు పాటలు. మొదటిది ఘంటసాలది. ఆయన పాటలు పుట్టినప్పటి నుంచీ వింటున్నాను, బాకాలో విన్నాను, రేడియోలో విన్నాను, ఫోన్లో విన్నాను. పల్లవి ఎత్తుకునే ముందు ఆయన ఊపిరి పీల్చుకున్న చప్పుడు మాత్రం ఆరోజే విన్నాను. వెనకాల వయొలిన్లు మీదికొచ్చి ఆగిన చోట ఒక్క క్షణం ఏమీ లేదు, చిటపట కూడా లేదు, ఆ ఖాళీలోంచి మళ్ళీ గొంతు వచ్చింది. అర్ధ శతాబ్దం కిందటి ప్లేటు, దుమ్ములో పడున్న ప్లేటు, మొన్న కొన్నంత శుభ్రంగా మోగింది. పాట అయిపోయాక కాసేపటికి గానీ నాకు వెలగలేదు. పెళ్ళి పందిట్లో విషాద గీతం వేస్తే మైక్ వాణ్ణి తంతారు. దేవదాసు వచ్చి ఇన్నేళ్ళయినా పెళ్ళిలో ఆ పాటలు పెట్టే మొనగాడు లేడు. అందుకే మైక్ సెట్ వాడి పెట్టెలో హుషారు పాటలన్నీ అరిగి పిండయ్యాయి, ఏడుపు పాటలన్నీ ముట్టుకోకుండా మిగిలాయి.

ఆ రాత్రే పెట్టెలు రెండూ దించి లెక్కపెట్టాను. "వద్దు" వైపులు ముప్పయ్యొకటి ఉన్నాయి. తర్వాత ఏడాదంతా ఏ థీమ్ వచ్చినా నేను అందులోంచే ఇచ్చాను. "రైలు" అంటే రైలెక్కి వెళ్ళిపోయినవాడి పాట, "దీపం" అంటే ఆరిపోయే దీపం పాట. మా వాళ్ళు నాకు "వద్దు గారు" అని పేరు పెట్టారు. ఏడాది చివర మా వాళ్ళందరికీ పెద్ద ఉత్తరమే రాశాను, ఇంత గొప్ప రూల్ ఇంకోటి లేదు, పెదనాన్న వద్దన్న ప్రతి పాటా నాకోసం దాచిపెట్టిన పాటేనని.

ఆ ఉత్తరంలో కొంచెం వెనక్కి తీసుకోవాల్సినవి ఉన్నాయి.

ముప్పయ్యొకటిలో నాలుగు విషాద గీతాలు కానే కావు. రెండిటికి కారణం వింటూంటేనే తెలిసింది, ముల్లు ఒకచోట ఇరుక్కుని ఒకే ముక్క తిప్పి తిప్పి పాడుతుంది. అరిగిపోయిన రికార్డు అని ఊరికే అనలేదు పెద్దలు. మూడోది పక్కా డ్యూయెట్, గీత కూడా లేదు, ఎందుకు వద్దన్నాడో అర్థం కాలేదు. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు పెద్దమ్మని అడిగాను. ఫోన్లో కొంచెం వినిపించగానే, "ఆపు నాయనా ఆపు, అది వేసిన రెండు పెళ్ళిళ్ళల్లో వానొచ్చి పందిళ్ళు కూలాయి, మీ పెదనాన్నకి సెంటిమెంటు" అంది. నాలుగోది ఆమెకీ తెలీదు. మూడేళ్ళుగా నేను గొప్ప సంగీత రహస్యం కనిపెట్టినట్టు చెప్పుకుంటున్నదాంట్లో సగం వ్యాపారం, కాస్త గీతలు, కాస్త వానభయం.

ఇంకోటి, నిగనిగ చూసి మోసపోవచ్చు. అటక మీద చెమ్మకి బూజు పట్టిన ప్లేటు కూడా దుమ్ము తుడిస్తే నల్లగా మెరుస్తుంది, పెడితే బరబరా అంటుంది. కొన్ని నల్లటి వైపులు ఎవరూ వినకపోవడానికి ఒకే కారణం, పాటలు బాలేవు. రూల్ కాబట్టి మొత్తం కూర్చుని విన్నాను, చిన్న ఈపీ కాబట్టి ఆరేడు నిమిషాల్లో బయటపడ్డాను. అదే ఎల్పీ అయితే ఇరవై నిమిషాల పైన.

భగవద్గీత దగ్గర రూల్ అసలు పనే చెయ్యలేదు. ఘంటసాల 1974లో పోయారు, ఆ ప్లేటు బయటికొచ్చింది ఆ తర్వాతే. మన వైపు ఎవరైనా పోతే ఆ ఇంటి ముందు మోగేది అదే. పెదనాన్న దగ్గరున్నది రెండు వైపులా ఒక్కలాగే అరిగిపోయింది. శవం లేచేదాకా ఆపకుండా వెయ్యాలి కదా, ఒక వైపు అయిపోతే రెండో వైపు. లేబుల్ మీద ఏమీ రాసుకోలేదు కూడా, అవసరం లేదనుకుంటా. మా తొమ్మిది మందిలో దాని మీద ఓ గంట వాదన జరిగింది, చివరికి ఆ నెల నేను వేరే ప్లేటు ఇచ్చాను.

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం. పోయిన ఏడాది ఒక నెల థీమ్ "గొంతూ హార్మోనియం". నా దగ్గర నాటకం పద్యాల 78 ప్లేటు ఒకటి ఉంది, రాయబారం పద్యాలు. స్టేజీ మీద వన్స్‌మోర్లతో పది నిమిషాలు సాగదీసే పద్యాన్ని మూడు నిమిషాల చిల్లరలో కుదించి పాడిన ప్లేటు, ఆ తొందరే ఒక అందం. దానికోసం వేరే ముల్లు కూడా కొన్నాను, 78 గాడికి ఎల్పీ ముల్లు చాలదు, దాదాపు నాలుగు రెట్లు లావుది కావాలి. ఒక వైపు బూడిద, రెండో వైపు నలుపు. పెట్టేముందు నలుపు వైపు శుభ్రం చేద్దామని నేను రెండేళ్ళుగా అన్ని ప్లేట్లకీ వాడుతున్న నీళ్ళే తీశాను. డిస్టిల్డ్ వాటర్ మూడు వంతులు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక వంతు, రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్.

గుడ్డ నల్లగా అయింది. అరవై ఏళ్ళ మురికి వదులుతోందని సంబరపడ్డాను, ఇంకాస్త పోసి ఇంకాస్త రుద్దాను. గుడ్డ ఇంకా నల్లగా అయింది. వేలు పెడితే కొంచెం జిగురుగా తగిలింది, అప్పటికీ నాకు అనుమానం రాలేదు. ఆరాక చూస్తే మెరుపు పోయి బడిపిల్లల పలకలా ఉంది. ముల్లు పెట్టాను. రేకుల షెడ్డు కింద నిలబడి జోరువానలో ఎవరో దూరంగా పద్యం పాడుతుంటే విన్నట్టుంది.

వారం తర్వాత తలుపులకి పాలిష్ చెయ్యడానికి వచ్చిన వడ్రంగి ఆ ప్లేటు చేతిలోకి తీసుకుని, "ఇది లక్క కదా సార్, దీనికి స్పిరిట్ పోశారా? మేం లక్కని స్పిరిట్‌లో నానేసే కదా పాలిష్ చేసేది" అన్నాడు. అప్పుడు తల బాదుకున్నాను. ఎల్పీలూ ఈపీలూ వినైల్, ఆల్కహాల్ కలిపిన నీళ్ళకి వాటికేం కాదు. 78 ప్లేట్లు లక్కలో రాతిపొడి కలిపి అచ్చుపోసినవి, మన దేశంలో 1960ల చివరిదాకా అలాగే వచ్చాయి. లక్క ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. నేను తుడిచింది మురికి కాదు, పాట. వీటికి మామూలు నీళ్ళూ ఒక చుక్క సబ్బూ చాలు, నాననివ్వకుండా, లేబుల్ తడవకుండా తుడిచి వెంటనే ఆరబెట్టాలి. ఈ ముక్క తెలిసినవాళ్ళకి చాదస్తంగా ఉంటుంది, తెలియనివాళ్ళు మాత్రం దయచేసి ఈ పేరా రెండుసార్లు చదవండి.

దీనికి రూల్‌ని తప్పుపట్టలేను. కానీ రూల్ లేకపోతే నేను తుడిచేది ఎలాగూ అరిగిపోయిన వైపు, పోయినా పెద్ద నష్టం ఉండేది కాదు. ఏకంగా మంచి వైపే వెతికి పట్టుకుని పాడుచేశాను. ఇప్పుడు ఆ ప్లేటుకి తక్కువ పాడైన వైపు పాత బూడిద వైపే, రూల్ ప్రకారం వినాల్సిందీ అదే. డాలస్ వాడికి ఈ మాట చెప్తే ఐదు నిమిషాలు నవ్వాడు, తర్వాత సారీ అన్నయ్యా అన్నాడు.

మీరు ఇలాంటిది మొదలుపెట్టాలా అంటే, మీ ఇంట్లో ఏముందో చూసుకోండి. మాలో ఇద్దరివి అన్నీ ఈమధ్య కొత్తగా అచ్చేసిన ఎల్పీలే, రెండు వైపులా ఒకేలా మెరుస్తుంటాయి, వాళ్ళు రూపాయి బిళ్ళ ఎగరేసి వైపు తేల్చుకుంటారు, పాపం వాళ్ళకి ఇందులో ఏ మజా లేదు. నావి ఒకే మనిషి ఒకే పని మీద ముప్పయ్యేళ్ళు అరగదీసిన ప్లేట్లు, పైగా లేబుల్ మీద కారణాలు రాసి ఉన్నవి, అందుకే నాకు ఇంత రుచించింది. సూట్‌కేస్ ప్లేయర్ ఉన్నవాళ్ళు మరీ ఆలోచించుకోవాలి. నా ప్లేయర్ ముల్లు రెండు గ్రాముల బరువుతో ఆనుతుంది, వాటిల్లో ఐదారు గ్రాములుండేవి ఉన్నాయి, అరగని వైపుని వెతికి వెతికి మరీ అరగదీసినట్టు అవుతుంది. నాకు షిఫ్టు ఉద్యోగం, పగలు ఇల్లు ఖాళీ, ముల్లు ఎత్తకుండా వినడం కుదురుతుంది. పొద్దున పదింటికి ఏడుపు పాటలేంటని పక్కింటి ఆంటీ మా ఆవిణ్ణి రెండుసార్లు అడిగారట.

ఈ నెల థీమ్ "ప్రయాణం". ఒక ఈపీ తీసిపెట్టాను, ఒక వైపు "ఓట్లు" అని ఉంది, తెల్లగా అరిగిపోయింది. రెండో వైపు "వద్దు" అని రాసి, మళ్ళీ దాన్ని కొట్టేసి ఉంది. ఇంకా వినలేదు, పెద్దమ్మకి ఫోన్ చేసి వింటాను.