గేట్‌వే వివరాలు అడగడానికి ఏది మేలు: ఐడీనా, ఈయూఐనా?

పర్లాకిమిడి, గుణుపురం వైపూ ఇటు పలాస వైపూ లోరావాన్ గేట్‌వేలు (దూరంగా ఉన్న సెన్సర్ల రేడియో సందేశాలు అందుకుని ఇంటర్నెట్‌కి పంపే పెట్టెలు) బిగించే కుర్రాళ్ళు ఎప్పుడు ఫోన్ చేసినా ఇదే అడుగుతారు: “అన్నా, ఐడెంటిఫైయర్ దగ్గర ఏ నంబరు కొట్టాలి?” ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) సీఎల్ఐలో, అంటే కమాండ్లు టైపు చేసే పనిముట్టులో, ఐఓటీవైర్‌లెస్ కింద ఉన్న గెట్-వైర్‌లెస్-గేట్‌వే కమాండ్ మూడింటిలో దేన్నైనా తీసుకుంటుంది: అమెజాన్ ఇచ్చిన ఐడీ, పెట్టెకి పుట్టుకతో వచ్చిన గుర్తింపు నంబరు ఈయూఐ, థింగ్ (ఏడబ్ల్యూఎస్‌లో పరికరానికి రాసుకునే నమోదు) పేరు. ఏది ఇచ్చినా జవాబు మారదు. పేరు, వివరణ, ఏఆర్ఎన్ (ఏడబ్ల్యూఎస్‌లో దాని పూర్తి చిరునామా), ఈయూఐ, ఆర్ఎఫ్ రీజియన్ (ఏ దేశపు రేడియో ఫ్రీక్వెన్సీల్లో పనిచేస్తుందో) వస్తాయి. కాబట్టి తేల్చుకోవలసింది ఒక్కటే, ఆ నంబరు మన చేతికి ఏ దారిలో వస్తోందని.

టేబుల్ దగ్గర కూర్చుని స్క్రిప్టు రాసేవాళ్ళకి ఐడీయే సుఖం. గేట్‌వేని నమోదు చేసిన క్షణమే వస్తుంది, ఫైల్లో దాచుకుంటాం, కాపీ కొట్టి అతికిస్తాం. గీతలతో కలిపి 36 అక్షరాలు. చేత్తో కొట్టే పని లేదు గనక ఆ పొడుగుతో బాధ లేదు.

మహేంద్రగిరి కింద జీడితోటలో స్తంభం ఎక్కినవాడి సంగతి వేరు. వాడి కళ్ళ ముందు ఐడీ ఉండదు, స్టిక్కరు ఉంటుంది. స్టిక్కరు మీద ఉండేది ఈయూఐ. నా ఓటు దానికే. అంకెలూ అక్షరాలూ కలిపి 16 కదా, ఫోన్లో చదివిస్తే తప్పులు రావా అంటారు. వస్తాయి. ఏ నుంచి ఎఫ్ దాకా ఆరే అక్షరాలు, అందులో బీ, సీ, డీ, ఈ నాలుగూ ఏజెన్సీ సిగ్నల్లో ఒకేలా వినిపిస్తాయి. అందుకే “బీ ఫర్ బాంబే, డీ ఫర్ ఢిల్లీ” అని చదవమంటాను, తెలుగు కుర్రాడైనా ఒడియా కుర్రాడైనా దానికి తడబడడు. ఇంకో వెసులుబాటు ఉంది: ఇందులో ఓ అనే అక్షరమే రాదు, గుండ్రంగా ఏది కనబడినా సున్నాయే. అసలు చిక్కు స్టిక్కరు మీది పక్క వరుసతో. చాలా పెట్టెల మీద మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు నంబరు) కూడా అక్కడే అచ్చేసి ఉంటుంది, కుర్రాడు దాన్ని చదివేస్తాడు. లెక్కపెట్టండి: 12 అంకెలైతే మ్యాక్, 16 అయితే ఈయూఐ. చాలామంది తయారీదార్లు మ్యాక్ నడుమ ఎఫ్ఎఫ్ఎఫ్ఈ చొప్పించి ఈయూఐ చేస్తారు గనక రెండూ కవల పిల్లల్లా కనిపిస్తాయి. అందరూ అలాగే చేస్తారని మాత్రం అనుకోకండి, ఊహించి కొట్టడం కన్నా మళ్ళీ చదివించుకోవడమే నయం.

“ఐడీ అయితే స్థిరంగా ఉంటుంది కదా” అనే వాదన ఒకటి ఉంది. అది సగమే నిజం. అప్‌డేట్ కమాండుతో పేరు, వివరణ లాంటివి మార్చగలం గానీ ఆర్ఎఫ్ రీజియన్ మార్చలేం. మన దేశంలో 865 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే ఐఎన్865 పెట్టవలసిన చోట ఎవరో యూరప్‌ది ఈయూ868 పెట్టేశారనుకోండి, తీసేసి మళ్ళీ నమోదు చేయడమే దారి. అప్పుడు కొత్త ఐడీ వస్తుంది, ఈయూఐ అదే ఉంటుంది. శ్రీకాకుళంలో కొన్న బండిని పర్లాకిమిడి తెచ్చుకుంటే ఏపీ ప్లేటు పోయి ఓడీ ప్లేటు వస్తుంది, ఛాసిస్ నంబరు మారదు కదా, అలాంటిదే ఇది. ఇక పెట్టె పాడై కొత్తది పెడితే ఈయూఐతో పాటు ఐడీ కూడా మారుతుంది, అక్కడ ఐడీకి దక్కే లాభం ఏమీ లేదు.

ఈయూఐ వాడేటప్పుడు ఇచ్చింది ఏ రకం నంబరో చెప్పే ఐడెంటిఫైయర్-టైప్‌లో గేట్‌వేఈయూఐ (GatewayEui) అని రాస్తాం, అందులో జీ, ఈ మాత్రమే పెద్ద అక్షరాలు, చివరి యూఐ చిన్నవి. ఈ, యూ, ఐ మూడూ పెద్దవి కొడితే ఒప్పుకోదు.

ఐడీ పక్షాన గట్టి మాట ఒకటుంది. గెట్-వైర్‌లెస్-గేట్‌వే చూపించేది మనం రాయించుకున్న వివరాలే, పెట్టె బతికి ఉందో లేదో చెప్పదు. కరెంటు పోయి చీకట్లో ఉన్న గేట్‌వేకి కూడా అందంగా జవాబిస్తుంది. కనెక్షన్ స్థితి, చివరి అప్‌లింక్ (పెట్టె నుంచి పైకి చేరిన సందేశం) వచ్చిన వేళ కావాలంటే గెట్-వైర్‌లెస్-గేట్‌వే-స్టాటిస్టిక్స్ అడగాలి, అది ఐడీ తప్ప మరోటి తీసుకోదు. అయినా నా మాట మార్చుకోను. ముందు ఈయూఐతో అడిగి, క్వెరీలో ఐడీ ఒక్కటే తీయించి, అవుట్‌పుట్ టెక్స్ట్ అని పెడితే ఐడీ విడిగా వస్తుంది. దాన్నే రెండో కమాండుకి అందించాలి. రెండు లైన్ల షెల్ స్క్రిప్టు రాసిపెడితే, కుర్రాడు స్టిక్కరు చదువుతాడు, మీకు కనెక్టెడ్ అనో డిస్‌కనెక్టెడ్ అనో తెలుస్తుంది.

థింగ్ పేరుతో అడగాలంటే గేట్‌వేని ముందుగా ఐఓటీ థింగ్‌కి జోడించి ఉండాలి. జోడించినవాళ్ళకి బాగానే ఉంటుంది, మా వైపు ఆ ఓపిక ఉన్నవాళ్ళు తక్కువ. నాలుగైదు పెట్టెలే ఉంటే లిస్ట్-వైర్‌లెస్-గేట్‌వేస్ కొట్టి కళ్ళతో వెతుక్కోవచ్చు. కన్సోల్ (ఏడబ్ల్యూఎస్ వెబ్ పేజీ) తెరిచి చూసేవాళ్ళని నేనేమీ అనను, ఫోన్లో నెట్ నడుస్తున్నంతసేపూ అదీ పనిచేస్తుంది.

అంకెలన్నీ సరిగ్గా ఉన్నా రిసోర్స్ నాట్ ఫౌండ్ అని వస్తే ముందు రీజియన్ చూడండి. ఆర్ఎఫ్ రీజియన్ కాదు, సీఎల్ఐలో ఇచ్చే ఏడబ్ల్యూఎస్ రీజియన్, అంటే అమెజాన్ సర్వర్లు ఉన్న ప్రాంతం. గేట్‌వే ఎక్కడ నమోదైందో అక్కడే అడగాలి. అదీ సరిపోతే అప్పుడు మళ్ళీ స్తంభం ఎక్కించండి.