పైప్ ఆర్గన్‌ను 'మోడర్నైజ్' చేయిస్తున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు మా సంగతి వినండి

అందరికీ వందనాలు.

సికింద్రాబాద్‌లో మాదొక పాత చర్చి. కంటోన్మెంట్ రోజుల్లో ఇంగ్లండ్ నుంచి ఓడలో వచ్చిన పైప్ ఆర్గన్ అందులో ఉంది, అంటే మీటలు నొక్కితే తిత్తిలోని గాలి పైపుల్లోకి వెళ్లి మోగే వాద్యం. ఉంది అనాలో, ఉండేది అనాలో ఇప్పుడు నాకే తెలియడం లేదు. బాగు చేయిస్తామని పోయిన ఏడాది ఒక సంస్థకు అప్పగించి 6 లక్షలు పోగొట్టుకున్నాం. కమిటీ ఇంకా వాళ్లతో ఉత్తరాలు నడుపుతోంది కాబట్టి పేర్లు రాయను. ఒప్పందం మీద సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఇందులో సగం తిట్లు నాకే చెందుతాయి.

అసలు జబ్బు పెద్దది కాదు. గాలి తిత్తికి ఉన్న తోలు మడతల దగ్గర చీలింది, గాలి కారిపోతోంది. ఒకటి రెండు స్వరాలు నొక్కకపోయినా మోగుతూనే ఉండేవి. అయ్యగారు ప్రార్థన చేస్తుంటే వెనక నుంచి 'కూ' అని ఒకటే మోత. పిల్లలు నవ్వు ఆపుకోలేక బెంచీ కిందికి దూరేవాళ్లు. మా నాన్న చిన్నప్పుడు దానికి కరెంటు బ్లోవర్ లేదు, పక్కన నిలబడి చేత్తో కాడ కొట్టి గాలి నింపేవారట. అలాంటి వస్తువు మా హయాంలో మూలపడకూడదనే తొందర.

వచ్చినాయన సౌండ్ సిస్టమ్స్, కీబోర్డులు అమ్మే మనిషి. మాట చల్లగా ఉంటుంది. "పాత తోలంతా పీకేస్తాం సార్, కొత్త మెటీరియల్ వేస్తాం, మీ కీబోర్డుతో కలిసి మోగేలా ట్యూన్ చేస్తాం, బ్లూటూత్ కూడా పెడతాం" అన్నాడు. బ్లూటూత్ అనగానే మా యూత్ వాళ్లు చప్పట్లు కొట్టారు. ఇంతకు ముందు ఏ ఆర్గన్ చేశారు, అక్కడికి వెళ్లి వినొచ్చా అని ఒక్కరం కూడా అడగలేదు. ఎస్టిమేట్ ఒకే పేజీ, అందులో ఒకే అంకె.

ఏప్రిల్, మే నెలల్లో పని జరిగింది. జూలైలో వానలు పట్టాక తిత్తి మళ్లీ ఊడింది. చూస్తే తోలు స్థానంలో సోఫాలకు వేసే రెక్సిన్! పల్చటి గొర్రె తోలు ఎన్ని వేలసార్లు మడతపడినా తట్టుకుంటుంది, రెక్సిన్ మడత దగ్గరే పొరలు లేస్తుంది. అంతకంటే ఘోరం, అతికించింది ఫర్నిచర్‌కు వాడే తెల్ల జిగురుతో. ఆర్గన్లు చేసేవాళ్లు జంతువుల తోళ్లు, ఎముకలు ఉడికించి తీసిన జిగురు వాడేది ఊరికే కాదు. యాభై ఏళ్ల తర్వాత వచ్చేవాడు కాస్త వేడి, తడి తగిలిస్తే అది వదులుతుంది, చెక్కకు గాయం కాదు. తెల్ల జిగురు చెక్క పీచుల్లోకి ఇంకి గట్టిపడింది. ఇప్పుడు గీకితే చెక్క కూడా లేచి వస్తోంది.

ట్యూనింగ్ కథ వింటే సంగీతం తెలిసినవాళ్లు తల పట్టుకుంటారు. పైపులో ఉన్నది గాలి. గాలి వేడెక్కితే శ్రుతి పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 440 (సెకనుకు అన్ని కంపనాలు) పలికే పైపు, 38 డిగ్రీల్లో దాదాపు 453 పలుకుతుంది, అంటే సుమారు అర సెమీటోన్, పక్కపక్క మీటల స్వరాల మధ్య తేడాలో సగం, ఎక్కువ. ఎలక్ట్రానిక్ కీబోర్డుకు ఎండా వానా లేవు, ఎప్పుడూ 440. వీళ్లు మే నెల మధ్యాహ్నం, చర్చి పొయ్యిలా కాగుతున్నప్పుడు, కీబోర్డు పక్కన పెట్టుకుని మొత్తం ఆర్గన్‌ను దానికి దించేశారు. ఎలా? పైపుల పై అంచులు లోపలికి నొక్కి. అలా మూతి బిగిస్తే శ్రుతి తగ్గే మాట నిజమే. కానీ సీసం, తగరం కలిసిన ఆ లోహం చాలా మెత్తన, గట్టిగా పట్టుకుంటే వేళ్ల ముద్ర పడుతుంది. చాలా పైపుల అంచులు చిరిగాయి. డిసెంబర్‌లో క్యారల్ సర్వీస్ నాటికి చర్చిలో చలి, ఆర్గన్ 427కి జారిపోయింది. ఆర్గన్ ఒక దారి, కీబోర్డు ఒక దారి, మధ్యలో మా క్వాయర్. ఆ సాయంత్రం ఆల్టో పాడే అక్కయ్య నావైపు చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు.

ఇక పైపులు. "వర్క్‌షాప్‌లో శుభ్రం చేసి తెస్తాం" అని రెండు ఆటో ట్రాలీల్లో తీసుకెళ్లారు. బయటికి తీసుకెళ్లడమే తప్పని నేను అనను. ఫిలిప్పీన్స్‌లో లాస్ పినాస్ చర్చిలోని వెదురు ఆర్గన్ 1973లో జర్మనీలోని బాన్ దాకా వెళ్లి, 1975లో బాగుపడి తిరిగొచ్చింది. తప్పెక్కడంటే, మేం లెక్క రాసుకోలేదు. ఫొటోలు తీయలేదు. తిరిగొచ్చాక వెనక వరుసలు పల్చగా కనిపించాయి. అడిగితే, "కొన్ని స్టాపులకు కింది పన్నెండు స్వరాలకు పైపులే ఉండవు సార్, ముందునుంచీ లేవు" అన్నారు. స్టాపు అంటే ఒకే రకం నాదం ఇచ్చే పైపుల వరుస. పాత చిన్న ఆర్గన్లలో ఇది నిజంగా ఉంటుంది. అందుకే నోరు మూసుకున్నాం.

తర్వాత ఈ పని తెలిసిన ఒక పెద్దాయన చెన్నై నుంచి వచ్చి, టార్చి పట్టుకుని లోపలికి దూరారు. పైపు పడిపోకుండా పట్టి ఉంచే పలక ఒకటి ఉంటుంది. అందులో ప్రతి పైపుకూ దాని లావుకు సరిపడా కోసిన రంధ్రం ఉంటుంది. ఆయన పైపులు లెక్కపెట్టలేదు, రంధ్రాలు లెక్కపెట్టారు. పైపు లేని రంధ్రాలు 19. ముందునుంచీ పైపు లేకపోతే రంధ్రం ఎవరు కోశారండీ, ఎందుకు కోశారు? తగరం సీసం కంటే ఎన్నో రెట్లు ఖరీదని కూడా ఆయనే చెప్పారు. మేం భోలక్‌పూర్ తుక్కు దుకాణాల్లో రెండు రోజులు తిరిగాం. ఏం దొరుకుతాయి, ఎప్పుడో కరిగిపోయి ఉంటాయి.

మరి పని అయ్యాక మొదటి ఆదివారం అంత నిండుగా మోగిందేమిటి అంటారా? పెట్టె లోపల, పెద్ద పైపుల వెనక రెండు స్పీకర్లు దొరికాయి. మేం చప్పట్లు కొట్టింది వాటికి.

ఆ పెద్దాయన ఉన్నదాన్ని ముందు కాపాడమన్నారు. రెక్సిన్ జోలికి ఇప్పుడే పోవద్దు, చిరిగిన పైపులు నిటారుగా పెట్టండి, కొత్త ప్లైవుడ్, ఎండీఎఫ్ పెట్టెల్లో మాత్రం దాచకండి అన్నారు. వాటి నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లగా పొడి రాలుతుందట. బాగు చేయడానికి ఎంతవుతుందో ఆయన కాగితం మీద రాసిచ్చారు. కమిటీలో ఎవరూ దాన్ని పైకి చదవలేదు.

అదే మనిషి ఇప్పుడు వేరే చర్చిలకు కూడా ఎస్టిమేట్లు ఇస్తున్నాడని విన్నాను. మీకూ వచ్చి ఉంటే, సగం పైన అడ్వాన్స్ అడిగితే ఇవ్వకండి. పైపు కదిలే ముందు ప్రతి వరుసకూ ఫొటో, లెక్క, ఇరుపక్షాల సంతకం ఉండాలి. తీసేసిన ప్రతి ముక్కా, పాత తోలు పేలికతో సహా, చర్చికే తిరిగి రావాలని రాయించండి. కాగితంలో 'తోలు' అన్న మాట, జిగురు పేరు ఉన్నాయో లేదో వెతకండి. మా దాంట్లో ఉన్నది 'బెస్ట్ క్వాలిటీ మెటీరియల్'.