కన్సల్టెంట్‌గా 23 వేలా, పేరోల్ మీద 20 వేలా: ఏది మేలు?

"అన్నా, కన్సల్టెంట్‌గా అయితే 23 ఇస్తామంటున్నారు, పేరోల్ మీదైతే 20. ఏది పట్టుకోమంటావు?"

జీడిమెట్లలో ఓ చిన్న ఫ్యాక్టరీకి జీతాల లెక్కలు చూసే నాకు ఈ ఏడాది ఇది నాలుగో ఫోను. అడిగేది ఎక్కువగా పాతికేళ్లలోపు సర్వీస్ టెక్నీషియన్లు. ఒక్కొక్కరికీ చెప్పలేక ఇక్కడ రాసేస్తున్నా. పేరోల్ అంటే కంపెనీ ఉద్యోగిగా నెల జీతం. కన్సల్టెంట్ అంటే ఉద్యోగివి కాదు, చేసిన పనికి బిల్లు పెట్టి డబ్బు తీసుకుంటావు.

ముందు డబ్బు. 20 వేలలో బేసిక్ 13 వేలు, హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె భత్యం) 7 వేలు అనుకుందాం. పీఎఫ్ (రిటైర్మెంట్ పొదుపు) 1,560, ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) 150, తెలంగాణ ప్రొఫెషనల్ ట్యాక్స్ 150 పోను చేతికొచ్చేది 18,140. అటువైపు 23 వేలలో 10 శాతం టీడీఎస్ (ముందే కోసుకునే ఆదాయపు పన్ను) పట్టుకుని 20,700 వేస్తారు. వేరే ఆదాయం లేకపోతే ఆ 2,300 కూడా రిటర్న్ వేశాక వెనక్కి వచ్చేదే. అంటే నెలకు 4,860 తేడా. బండి ఈఎంఐ అందులోనే వెళ్లిపోతుంది, కుర్రాళ్లు మొగ్గారంటే మొగ్గరా మరి!

ఇప్పుడు కంటికి కనబడనివి కలుపుదాం. పీఎఫ్‌లో నీ 1,560, కంపెనీ 1,560 (ఇందులో 1,083 పెన్షన్‌కు పోతుంది). బోనస్ కనీసం 8.33 శాతం, బేసిక్ మొత్తం మీద కాకుండా 7 వేల మీదే లెక్కేసినా నెలకు 583. ఐదేళ్లు నిలబడితే ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ ఏడాదికి 7,500, అంటే నెలకు 625. అంతా కలిపితే 22,468. ఇంత లాగినా 23 వేలను అందుకోలేదు. పేరోలే ఎప్పుడూ లాభమని వాదించే మా సీనియర్లు ఈ కూడిక చేసి చూడరు.

అయినా నేను పేరోల్ వైపే. పనికి రాలేని నెలలో నీ గతేంటన్నది చూస్తాను.

పోయినేడు తెలిసిన కుర్రాడొకడు, వేరేచోట కన్సల్టెంట్, బాలానగర్‌లో క్లయింట్ దగ్గరికి వెళ్తూ బండి జారి ముంజేయి విరగ్గొట్టుకున్నాడు. ప్లేటు వేశారు, ఆరు వారాలు ఇంట్లోనే. కట్టుతోనే అగ్రిమెంట్ పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. రెండో పేజీలో అడుగున ఉంది: ఇరుపక్షాల మధ్య యజమాని, ఉద్యోగి సంబంధం లేదు. వీడేమో రోజూ తొమ్మిదికి వేలిముద్ర వేసేవాడు, సెలవు కావాలంటే మేనేజర్ని బతిమాలేవాడు. పేరుకు కన్సల్టెంటే తప్ప చేసేది ఉద్యోగమేనని వాదించొచ్చు, కానీ విరిగిన చేత్తో ఎన్నాళ్లు తిరుగుతాడు? పని చేయలేదు, బిల్లు పెట్టలేదు, ఆ నెలన్నరా పైసా రాలేదు.

ఈఎస్‌ఐ ఉండి, అది డ్యూటీ ప్రమాదమని నమోదైతే, కోలుకునేదాకా జీతంలో 90 శాతం వరకు వచ్చేది. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు దెబ్బ తగిలినా ఇస్తారు. మామూలు జబ్బుకైతే 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు, దానికి మాత్రం కొన్నాళ్లు చందా కట్టి ఉండాలి. నీమీద ఆధారపడ్డ అమ్మానాన్నలకూ వైద్యం ఉంటుంది. ఇంతకీ నీ జేబులోంచి పోయేది నెలకు 150. సనత్‌నగర్ ఆసుపత్రి ఓపీ క్యూలో నిలబడ్డవాళ్లెవరూ ఈఎస్‌ఐని నెత్తిన పెట్టుకోరు, నేనూ పెట్టుకోను. కానీ ఆపరేషన్ దాకా వచ్చినప్పుడు ఆ క్యూ పెద్ద కష్టమనిపించదు.

జీతం 21 వేలు దాటితే ఈఎస్‌ఐ వర్తించదు కాబట్టి 60 వేలు తెచ్చుకునేవాళ్లకు ఈ వాదన పనికిరాదు. ఇద్దరు ముగ్గురు క్లయింట్లు, సొంత హెల్త్ పాలసీ, ఎప్పుడు వెళ్లాలో తానే చెప్పుకునే వీలు ఉన్నవాడికి కన్సల్టెన్సీయే హాయి.

ఏజెన్సీ పేరోల్ అని మూడోది ఉంది: పని చేసేది కంపెనీలో, జీతం ఇచ్చేది మధ్యలోని ఏజెన్సీ. పీఎఫ్ సొమ్ము పడుతోందో లేదో నెలనెలా ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో చూసుకుంటూ ఉంటే చాలు.

ఇంకో మాట. పేరోల్ మీద నువ్వు కంపెనీకి పడేది 20 వేలు కాదు. పీఎఫ్, ఈఎస్‌ఐ, బోనస్, గ్రాట్యుటీ కలిపి 23,500 దగ్గర. 23కే కన్సల్టెంట్ దొరికితే వాళ్లకు ఐదొందలు మిగులు, చెయ్యి విరిగితే ఖర్చు నీది. కన్సల్టెంట్‌గానే రమ్మంటే 26 అడుగు, యాక్సిడెంట్ పాలసీ వాళ్లనే కట్టమను. మొన్న ఫోన్ చేసినవాడు అలాగే అడిగాడు. మర్నాడు పేరోల్ ఆఫర్ లెటర్ వచ్చింది.