తలకట్లు కోసేశాక పనికొచ్చిన అక్షరాల పెట్టె

వెనకాల అయస్కాంతం అతికించిన ఈ చెక్క అక్షరాల పెట్టె మా ఇంటికి వచ్చి రెండేళ్లు దాటింది. అప్పటికి మా అమ్మాయికి నాలుగున్నరేళ్లు. కొన్న నెలలోపే మా తోడికోడలి చేత, ఎదురింటివాళ్ల చేత కూడా కొనిపించాను. అంత తొందర పడకుండా ఉండాల్సింది. రంగులు, నునుపు అందరూ చెప్పేవే. నా గొడవంతా తలకట్టుతో.

ఇందులో క, గ, త, ప లాంటివన్నీ తలకట్టుతో కలిపి ఒకే ముక్కగా కోశారు. గుణింతపు గుర్తులు మాత్రం విడిగా ఇచ్చారు. అంటే ‘కి’ పేర్చాలంటే తలకట్టు నెత్తిన గుడి పెట్టాలి. చేత్తో రాసేటప్పుడు తలకట్టు ఎగరగొట్టి కదా గుడి ఇస్తాం!

మా అమ్మాయి బీరువా తలుపు మీద ‘కిటికీ’ పేర్చి ‘క ఇ టి క ఈ’ అని చదివేది. ‘జిలేబి’ గడగడా చదివే పిల్ల ‘పిలక’ దగ్గర ‘ప ఇ లక’ అని నీళ్లు నమిలేది. నెల రోజులు పిల్లనే విసుక్కున్నాను. జ, ల, బ, ట లకు అసలు తలకట్టే ఉండదని, అందుకే అక్కడ తడబడటం లేదని నాకు తట్టనే లేదు.

కనిపెట్టింది మా మావయ్యగారు. కొబ్బరి దింపువాళ్లు రాక ఇంటి పట్టున ఉండిపోయిన రోజున మనవరాలి పక్కన కూర్చుని కాసేపు చూసి, “టోపీ మీద టోపీ పెట్టిస్తున్నారమ్మా. పిల్ల తప్పేముంది?” అన్నారు. మధ్యాహ్నానికల్లా సన్న రంపం తెచ్చి ఒక్కో అక్షరానికీ తలకట్టు కోసి పక్కన పెట్టేశారు. పెట్టిన డబ్బు గుర్తొచ్చి నా ప్రాణం ఉసూరుమంది. కోసిన ముక్కలకు అయస్కాంతం కావాలి కదా, పాత ఫ్రిజ్ తలుపు అంచు రబ్బరులో ఉండే పట్టీని ముక్కలు చేసి అతికించారు.

బోడి ‘క’ చూసి పిల్ల “ఇదేమిటి తాతయ్యా?” అంది. “ఇంకా ఏమీ కాలేదు. నువ్వు ఏది పెడితే అది.” తలకట్టు పెడితే క, దీర్ఘం పెడితే కా, గుడి పెడితే కి, పొల్లు పెడితే క్. ‘క తలకట్టిస్తే క’ అని చిన్నప్పుడు మేమంతా రాగం తీసి అప్పజెప్పినవాళ్లమే. ఆ మొదటి మాటకు ఒక అర్థం ఉందని, తలకట్టంటే ‘అ’ అని నాకు ముప్పై రెండేళ్లకు, చెక్కపొట్టు ఊడుస్తుంటే తెలిసింది. కొమ్ము దగ్గర మాత్రం తలకట్టు ఉండి తీరాలి. ‘కు’ పేరుస్తూ అది గమనించింది కూడా పిల్లే.

తరవాత రెండు వారాలకు అమలాపురం నుంచి పాలకొల్లు బస్సులో వెళ్తూ బోర్డులన్నీ చదివింది. అమలాపురం, రాజోలు, దిండి, చించినాడ, వేటిలోనూ ఒక్క వత్తు లేదు. గోదావరి వంతెన దాటాక పాలకొల్లు దగ్గర ఆగి, ‘పాలకొలు, కింద ఏదో వేలాడుతోంది’ అంది. ల వత్తుకు ల పోలికే లేదు మరి. ఈ పెట్టెలో వత్తులే లేవు. అట్టముక్కల మీద మేమే రాసుకున్నాం. ‘మొక్క’ అయితే ఇప్పటికీ కుదరదు. మిగతావాటి ఒత్వం మ మీద నిలవదు, మెకు కొమ్ము తగిలించాలి.

మన్నిక గురించి మొదట్లో నేను చాలా గొప్పగా చెప్పాను. రెండు వానాకాలాలు గడిచాక కొన్ని అయస్కాంతాలు తుప్పు పట్టి బీరువా మీద మరకలు చేశాయి. జిగురు కూడా ఊడుతోంది. మా ఇల్లు కాలవ గట్టునే, ఆ చెమ్మ మెట్టలో ఉండేవాళ్లకు ఉండకపోవచ్చు.

కొనమంటారా అంటే, మా ఇంట్లో రంపం పట్టే తాతయ్య, సాయంత్రం ఓ గంట కూర్చునే తీరిక ఉన్నాయి కాబట్టి మాకు పనికొచ్చింది. మా తోడికోడలి ఇంట్లో అదే పెట్టె అటక మీద ఉంది. మా చిన్నవాడికి మూడేళ్లు నిండాయని మొన్న మాది కిందికి దింపాను. తలకట్లలో నాలుగు లేవు. రెండు బియ్యం డబ్బాలో దొరికాయి.